నిర్ణయం ప్రధానిదా, కేబినెట్‌దా? తేల్చుకునే పద్ధతి

"కేబినెట్ ఆమోదించింది" అన్న వార్త చదివి మంత్రులంతా చర్చించి తేల్చారనుకుంటే పొరపాటే. ప్రధాని బలమైన మనిషి కాబట్టి అంతా ఒక్కరి పనే అనుకోవడమూ అంతే. కేంద్రంలో ఏ నిర్ణయం ఎవరిదో తెలియాలంటే మనుషుల్ని పక్కన పెట్టి కాగితం వెంట పడాలి. సంతకం ముందా, సమావేశం ముందా? అసలు ప్రశ్న ఇదే.

మొదట మంత్రిమండలినీ కేబినెట్‌నూ విడదీయండి. 2003 నాటి 91వ సవరణ ప్రకారం ప్రధానితో కలిపి మంత్రిమండలి లోక్‌సభ సంఖ్యలో 15 శాతం దాటకూడదు. 543 స్థానాలకు లెక్కేస్తే 81 మంది. సీనియర్ మంత్రుల కేబినెట్ అందులో చిన్న భాగం. లోక్‌సభకు జవాబుదారీ మాత్రం 75(3) అధికరణ కింద మండలి మొత్తానిది.

తర్వాత కేంద్ర ప్రభుత్వ పని ఎలా నడవాలో చెప్పే 1961 నాటి బిజినెస్ రూల్స్ తెరవండి. కేబినెట్ ముందుకు రావాల్సిన అంశాలు రెండో షెడ్యూల్‌లో ఉంటాయి: బిల్లులు, ఆర్డినెన్సులు, రాష్ట్రపతి పాలన లాంటివి. మీరు చూస్తున్న నిర్ణయం ఆ జాబితాలో ఉంటే 12వ నిబంధన దగ్గర ఆగండి. అవసరమని ప్రధాని భావించిన మేరకు ఈ రూల్స్‌ను పక్కన పెట్టవచ్చని అది చెబుతుంది. అలాంటప్పుడు ఉత్తర్వు ముందు వస్తుంది, కేబినెట్ ఆమోదాన్ని ఆ తర్వాత తీసుకుంటారు. అప్పటికి ఉత్తర్వు అమల్లో ఉంటుంది కాబట్టి, కాదనాలంటే మంత్రి రాజీనామాకు సిద్ధపడాలి.

1975 జూన్ 25 రాత్రి ఇందిరా గాంధీ ఎమర్జెన్సీ కోరుతూ రాష్ట్రపతికి రాసిన లేఖలో ఈ 12వ నిబంధననే ఉదహరించారు. మంత్రులకు సంగతి తెలిసింది మర్నాడు ఉదయం. అందుకే 1978 నాటి 44వ సవరణ, కేబినెట్ నిర్ణయాన్ని రాతపూర్వకంగా పంపితే తప్ప రాష్ట్రపతి ఎమర్జెన్సీ ప్రకటించరాదని 352వ అధికరణలో చేర్చింది. ఆ ఒక్క తలుపే మూసుకుంది, మిగతావి తెరిచే ఉన్నాయి. 2019 నవంబరు 23 తెల్లవారుజామున మహారాష్ట్రలో రాష్ట్రపతి పాలన ఎత్తేసినప్పుడు కూడా కేబినెట్ సమావేశం జరగలేదు, వాడింది 12వ నిబంధననే.

ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. "జరిగిన పనికి ఆమోదం" అని కనిపించినప్పుడల్లా ప్రధాని కేబినెట్‌ను దాటేశారని తీర్పు చెప్పేస్తారు. విదేశాలతో కుదిరే మామూలు అవగాహన ఒప్పందాలకూ అలాంటి ఆమోదం తరచూ వస్తుంది. కాబట్టి అంశం బరువెంతో చూడండి.

కమిటీల మాట క్లుప్తంగా. ఉన్నత పదవుల నియామకాలు చూసే కేబినెట్ కమిటీలో 2014 నుంచి ఇద్దరే: ప్రధాని, హోంమంత్రి. అంతకుముందు సంబంధిత శాఖ మంత్రి కూడా ఉండేవారు. ఒక్క కుర్చీ తగ్గితే శాఖ మంత్రి మాట ఎంత తగ్గుతుందో ఊహించుకోవచ్చు.

శాఖల మార్పిడినీ గమనించండి, ప్రధాని చేతిలో పదునైన కత్తి అదే. 1969 జులైలో ప్రధాని ఇందిరా గాంధీ మొరార్జీ దేశాయ్ నుంచి ఆర్థిక శాఖను తీసేశాక కొద్ది రోజుల్లోనే 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్స్ వచ్చింది. ఆ కత్తికి వెనక అంచు కూడా ఉంది: అదే ఏడాది కాంగ్రెస్ చీలింది. సంకీర్ణంలోనైతే మిత్రపక్షం మంత్రిని కదిలించే ముందు లోక్‌సభలో మెజారిటీకి కావాల్సిన 272 లెక్క చూసుకోవాలి.

చివరగా, తేదీలు దొరకకపోతే సమాచార హక్కు చట్టం కింద ప్రతిపాదన పంపిన శాఖకు 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. గడువు 30 రోజులు. కేబినెట్ పత్రాలకు 8(1)(ఐ) సెక్షన్ మినహాయింపు ఉన్నా, నిర్ణయం జరిగి వ్యవహారం ముగిశాక నిర్ణయాన్నీ కారణాలనూ బయటపెట్టాలని అదే సెక్షన్ అంటుంది. ఎవరేమన్నారని అడిగితే కాగితం తిరిగొచ్చే అవకాశమే ఎక్కువ. శాఖ కేబినెట్‌కు పంపిన నోట్ తేదీ, ఉత్తర్వు తేదీ, కేబినెట్ ఆమోదం తేదీ, 12వ నిబంధన వాడారా లేదా: ఈ నాలుగే అడగండి.