‘మాస్క్ ఆఫ్ ది ఫాంటాజమ్’ చూశారా? అయితే ఇక ఇటు రండి

‘బ్యాట్‌మ్యాన్: మాస్క్ ఆఫ్ ది ఫాంటాజమ్’ అనే యానిమేషన్ సినిమా 1993 క్రిస్మస్ రోజున అమెరికాలో విడుదలైంది. నిడివి 76 నిమిషాలు. మన సినిమాకైతే అప్పటికి విశ్రాంతి కార్డు పడుతుంది. చూసినవాళ్లు మొదట అడిగేది ‘ఇలాంటిది ఇంకొకటి చెప్పండి’ అని. నేను వెంటనే చెప్పను. యానిమేషన్ బొమ్మలకు వెనక దృశ్యాలు వేసి బతుకుతున్నవాణ్ణి. పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లను కూడా కింద చెప్పే దారిలోనే పంపిస్తాను.

ముందు అదే సినిమాలోకి తిరిగి వెళ్లండి. మొత్తం అక్కర్లేదు, వానలో బ్రూస్ (ముసుగు వేసుకుంటే బ్యాట్‌మ్యాన్ ఇతనే) తన తల్లిదండ్రుల సమాధి ముందు నిలబడే ఘట్టం చాలు. నేరాల మీద పోరాడతానని ఆ ఇద్దరికీ మాట ఇచ్చినవాడు. ఇప్పుడు ప్రేమించిన అమ్మాయి ఆండ్రియా వచ్చింది, సుఖమంటే ఏమిటో తెలిసింది. ఊరికి డబ్బిస్తాను, పోలీసులను ఇంకా ఎక్కువమందిని పెట్టుకుంటారు, నన్ను మాత్రం వదిలేయండి అని చనిపోయినవాళ్లతో బేరమాడతాడు. ముసుగు లేదు, విలన్ లేడు, దెబ్బలాట అసలే లేదు. నా దృష్టిలో సినిమా మొత్తంలో అన్నిటికంటే చీకటి ఘట్టం అదే. నరికిన తలలు, కారిన నెత్తురు చూపించి ‘డార్క్’ అనిపించుకునే సినిమాలకూ దీనికీ తేడా అక్కడే తెలుస్తుంది.

ఆ ఘట్టం మనసులో ఉండగానే, ఈ బృందమే 1992లో మొదలుపెట్టిన టీవీ ధారావాహిక ‘బ్యాట్‌మ్యాన్: ది యానిమేటెడ్ సిరీస్’లో ‘పర్‌చాన్స్ టు డ్రీమ్’ అనే భాగం చూడండి. బ్రూస్ ఒక ఉదయం నిద్ర లేచేసరికి అమ్మానాన్నలు బతికే ఉంటారు. బ్యాట్‌మ్యాన్ మరెవరో. కోరుకున్నదంతా చేతికొచ్చినట్టే. కానీ వార్తాపత్రిక తెరిస్తే అక్షరాలు కలగాపులగంగా కనిపిస్తాయి. ఆ తరువాత జరిగేది మీరే చూడాలి. దాని వెంటనే ‘హార్ట్ ఆఫ్ ఐస్’. కామిక్స్‌లో 1959 నుంచీ మంచు తుపాకీతో తిరిగే మామూలు దొంగ మిస్టర్ ఫ్రీజ్. రచయిత పాల్ డీని అతనికి జబ్బుపడిన భార్య నోరాను ఇచ్చాడు. ఆ కథ ఎంతగా అతుక్కుపోయిందంటే తరవాత కామిక్స్ కూడా దాన్నే తీసుకున్నాయి. మొత్తం 85 భాగాలు వరుసగా చూసేయాలని కూర్చోకండి, నీరసపడతారు. ఈ రెండూ చూశాక ఆకలి ఉంటే ‘రాబిన్స్ రెకనింగ్’ రెండు భాగాలు చాలు.

ఇప్పుడు నా పని సంగతి. అప్పట్లో మామూలుగా వెనక దృశ్యాలు తెల్లకాగితం మీద వేసి, రాత్రి కావాలంటే నలుపు పులిమేవారు. ఈ ధారావాహికకు ఎరిక్ రాడోమ్‌స్కీ దాన్ని తిరగేశాడు: నల్లకాగితం మీద వెలుతురు మాత్రమే వేయించాడు. చదివితే అర్థం కాదు, చేసి చూడాలి. స్టేషనరీ దుకాణంలో నల్ల చార్టు ఒకటి, తెల్ల పెన్సిలు, పసుపు పోస్టర్ కలర్ డబ్బా కొనండి. సినిమాలో ఒక రాత్రి దృశ్యం దగ్గర ఆపండి. చెయ్యి ముందుగా గోడలు గీయాలని చూస్తుంది, గీయనివ్వకండి. వెలుగు పడిన అంచులే వేయండి: కిటికీ చట్రం కింది గీత, దీపస్తంభం కింద తడి రోడ్డు మీద పొడుగాటి మెరుపు, ఏదో బురుజుకు ఒక పక్క. అక్కడితో ఆపేయండి. మీరు గీయని భవనాన్ని కన్నే పూర్తి చేస్తుంది. పసుపు మాత్రం పొదుపుగా వాడాలి. నాలుగు కిటికీలు వెలిగించారంటే అది బ్యాట్‌మ్యాన్ ఊరు గోథమ్ కాదు, పెళ్లివారిల్లు. ఈ పని నచ్చితే హ్యూ ఫెరిస్ అనే అమెరికన్ చిత్రకారుడు 1920లలో బొగ్గుతో గీసిన ఆకాశహర్మ్యాల బొమ్మలు వెతకండి. గోథమ్ పుట్టిల్లు అక్కడే కనిపిస్తుంది.

సంగీతానికి హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. షర్లీ వాకర్ స్వరపరిచిన ప్రారంభ గీతంలో బృందగానం ఏదో లాటిన్ ప్రార్థనలా వినిపిస్తుంది. అవి చిత్రానికి పనిచేసినవాళ్ల పేర్లు, వెనక నుంచి ముందుకు పాడించింది! ఆ తరంలో హాలీవుడ్ పెద్ద సినిమాలకు సంగీతం ఇచ్చిన స్త్రీలు వేళ్ల మీద లెక్కించేంతమంది. వారిలో ఆమె ఒకరు.

కామిక్స్‌లో కొత్తవాటి జోలికి ఇప్పుడే వెళ్లకండి. 1987లో వచ్చిన ‘ఇయర్ వన్’ నాలుగు సంచికలు ముందు, అదే ఏడాది వచ్చిన ‘ఇయర్ టూ’ తరవాత. మృత్యుదేవత వేషంలో వచ్చి గూండాలను చంపే మనిషి ఈ రెండోదానిలోనే ఉన్నాడు. సినిమావాళ్లు ఏది ఉంచుకున్నారో, ఏది మార్చారో పోల్చుకుంటూ చదివితే కథ అల్లడం ఎలాగో తెలుస్తుంది. హైదరాబాదులో ఉన్నవాళ్లు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల్లో కామిక్స్ గుట్టలు తిరగేయవచ్చు. కావలసింది దొరుకుతుందని మాట ఇవ్వలేను.

బ్రూస్, ఆండ్రియా కలిసి తిరిగే ‘రేపటి ప్రపంచం’ ప్రదర్శన గుర్తుందా? తరవాత పాడుబడి విలన్ జోకర్ స్థావరమవుతుంది. దాని వెనక నిజమైన ప్రదర్శన ఒకటుంది. 1939 ఏప్రిల్ 30న న్యూయార్క్‌లోని ఫ్లషింగ్ మెడోస్‌లో మొదలైంది. బ్యాట్‌మ్యాన్ కామిక్స్‌లో పుట్టిందీ ఆ వసంతంలోనే. సెప్టెంబరులో యూరప్‌లో యుద్ధం వచ్చింది. ప్రదర్శనకు గుర్తుగా నిలిపిన ట్రైలాన్ స్తంభాన్ని, పెరిస్ఫియర్ గోళాన్ని చివరికి విప్పేసి, వాటి ఉక్కును యుద్ధ సామగ్రికి వాడారు. ఆ ప్రదర్శన ఫొటోలు, రంగుల చిత్రాలు ఇంటర్నెట్‌లో బోలెడు. అవి చూశాక సినిమా ముగింపు ఘట్టం మరోలా కనిపిస్తుంది.

ఆ కాలానిదే ఇంకొకటి: ఫ్లైషర్ సోదరుల స్టూడియో మొదలుపెట్టిన సూపర్‌మ్యాన్ కార్టూన్లు, 1941 నుంచి 1943 దాకా మొత్తం 17. ఒక్కొక్కటి మహా అయితే పది నిమిషాలు. హక్కులు ముగిశాయి కాబట్టి ఉచితంగా, న్యాయంగా చూడవచ్చు. ‘ది మెకానికల్ మాన్‌స్టర్స్’తో మొదలుపెట్టి, నీడలు ఎక్కడ పడుతున్నాయో గమనించండి.

‘ఫాంటాజమ్’ను పిల్లలతో చూడవచ్చా అని అడుగుతారు. పదేళ్లలోపు వాళ్లకు వద్దంటాను. జోకర్ చేతిలో చచ్చినవాడి ముఖాన మిగిలే ఆ నవ్వు పెద్దవాళ్లకే ఇబ్బంది.

ఇవన్నీ అయ్యాక కూడా ‘ఇంకొక సినిమా’ అంటే అప్పుడు చెబుతాను: 2010లో వచ్చిన ‘అండర్ ది రెడ్ హుడ్’. ‘ది కిల్లింగ్ జోక్’ను మాత్రం సినిమాగా కాక, 1988 నాటి కామిక్‌గానే చదవండి.