క్లౌడ్‌లో డేటా కాపాడుకోవడం, 3వ భాగం: డిలీట్ కొట్టిన ఫైల్‌ని వెనక్కి తేవడం

పోయిన భాగంలో చెక్‌సమ్ (ఫైల్ మారిందో లేదో పట్టిచ్చే చిన్న కోడ్) చూశాం కదా, ఇవాళ వెర్షనింగ్, అంటే ఫైల్ మార్చినా డిలీట్ కొట్టినా పాత కాపీలు ఉంచుకోవడం. అమెజాన్ వాళ్ళు తమ క్లౌడ్ స్టోరేజ్ ఎస్3కి 99.999999999 శాతం డ్యూరబిలిటీ (పెట్టిన డేటా పోకుండా ఉండటం) అంటారు, అది చూసి ఇంక బ్యాకప్ ఎందుకులే అనుకునేవాళ్ళు చాలామంది, కానీ ఆ లెక్క డిస్కులు పాడవడం గురించి, మీరో మీ స్క్రిప్టో డిలీట్ కొడితే అది చెప్పినట్టే డిలీట్ చేసేస్తుంది.

ప్రాక్టీస్‌కి ఎస్3లో ఒక ఖాళీ బకెట్ (ఫైళ్ళు పెట్టుకునే చోటు) పెట్టుకోండి, ఎందుకంటే వెర్షనింగ్ ఒకసారి ఆన్ చేశాక సస్పెండ్ చేయగలం గానీ పూర్తిగా తీసేయలేం. ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి ఎనేబుల్ చేయండి. ఒక చిన్న ఫైల్‌కి చెక్‌సమ్ తీసిపెట్టుకుని ఎక్కించి, అందులో ఒక లైను మార్చి అదే పేరుతో మళ్ళీ ఎక్కించి, ఇప్పుడు డిలీట్ కొట్టండి. లిస్టులో ఉండదు. షో వెర్షన్స్ ఆన్ చేస్తే రెండు వెర్షన్లూ అక్కడే ఉంటాయి, పైన డిలీట్ మార్కర్ అని, ఫైల్ డిలీట్ అయినట్టు చూపించే గుర్తు ఒకటి కూర్చుని ఉంటుంది. ఆ మార్కర్‌ని తీసేస్తే ఫైల్ వచ్చేస్తుంది. తీసేటప్పుడు "పర్మనెంట్‌లీ డిలీట్" అని టైప్ చేయమంటుంది, భయపడకండి, పోయేది మార్కరే. కానీ టిక్ పెట్టింది మార్కర్‌కేనా అని రెండుసార్లు చూసుకోండి, అసలు వెర్షన్‌కి పెడితే అది నిజంగానే పోతుంది, దాన్ని ఆపేది ఆబ్జెక్ట్ లాక్, అది వచ్చే భాగంలో.

బిల్లు సంగతి: ప్రతి వెర్షన్‌కీ పూర్తి సైజు లెక్కే, పాతవి ఇన్ని రోజులకి పోవాలని లైఫ్‌సైకిల్ రూల్ పెట్టుకోండి.

ఇంతా చేసి రీస్టోర్ ట్రై చేయకపోతే లాభం లేదు. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ పెట్టుకునే సైట్ గిట్‌ల్యాబ్‌లో పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీనే డిలీట్ చేసేశారు, తీరా చూస్తే ఎస్3 బకెట్‌లో బ్యాకప్ లేదు, డేటాబేస్ వెర్షన్ 9.6 అయితే బ్యాకప్ తీసే టూల్ వెర్షన్ 9.2 కావడంతో అది ఫెయిలవుతూనే ఉంది, ఫెయిలైందని చెప్పే మెయిల్స్ కూడా ఎవరికీ చేరలేదు. చివరికి ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ (ఆ సమయానికి ఉన్న డేటా కాపీ) దొరికింది కాబట్టి సరిపోయింది, మధ్యలో డేటాబేస్‌లోకి వచ్చిందంతా పోయింది.

ఈ వారం హోంవర్క్: పాత వెర్షన్‌ని డౌన్‌లోడ్ చేసి, ఎక్కించకముందు తీసిపెట్టుకున్న చెక్‌సమ్‌తో పోల్చండి. రెండూ కలిస్తేనే ఆబ్జెక్ట్ లాక్‌కి రండి.