బొమ్మల పరీక్షతో జాతి వివక్ష పాఠం

12 ఏళ్లు దాటిన పిల్లలకు ఈ పాఠం చెప్పొచ్చు. 45 నిమిషాల పీరియడ్లు రెండు కావాలి. ఒక్కదాంట్లో ముగించేస్తే పిల్లలు బాధ దగ్గరే ఆగిపోతారు, కారణం దాకా రారు.

ముందు కాగితం మీద అరచెయ్యి పెట్టి, చుట్టూ గీసి, తమ చేతి రంగే వేయమనండి. ఒక్క క్రేయాన్‌తో కుదరదు. గోధుమరంగు మీద పసుపు, దానిమీద కాస్త ఎరుపు రుద్దాల్సిందే. ఆ తంటాలో ఉండగానే చెప్పండి: అమెరికాలో క్రేయోలా కంపెనీ ఒక లేతరంగు క్రేయాన్‌ను 'ఒంటిరంగు' అని అర్థమొచ్చే పేరుతో అమ్మి, 1962లో ఆ పేరు మార్చింది. "ఎవరి ఒంటిరంగు?" అని అడిగి ఊరుకోండి.

తర్వాత అమెరికా మనస్తత్వవేత్తలు కెన్నెత్, మేమీ క్లార్క్ దంపతుల బొమ్మల పరీక్ష. 3 నుంచి 7 ఏళ్ల నల్లజాతి పిల్లలు 253 మంది. వాళ్ల ముందు ఒకే అచ్చులో పోసిన నాలుగు బొమ్మలు. తేడా ఒంటిరంగులో, జుట్టురంగులో మాత్రమే. దేనితో ఆడుకుంటావు, ఏది మంచిది, ఏది చెడ్డగా కనిపిస్తోంది అని ముందు అడిగారు. మూడింట రెండొంతుల మంది ఆడుకోవడానికి తెల్లబొమ్మనే ఎంచుకున్నారు. ఆఖరి ప్రశ్న: "నీలా ఉన్నది ఏది?" చెడ్డదని తోసేసిన బొమ్మనే ఇప్పుడు తనలా ఉందని చూపించాలి. కొందరు ఏడ్చారు. ప్రశ్నల వరుస తారుమారు చేసి చెబితే ఈ దెబ్బ పిల్లలకు అందదు. ఇక్కడ రెండు నిమిషాలు మౌనంగా రాయనివ్వండి.

పాఠం పట్టాలు తప్పేదీ ఇక్కడే. "పాపం, వాళ్లకు వాళ్లంటేనే ఇష్టం లేదు" అని ఎవరో ఒకరు అంటారు. అక్కడ వదిలేస్తే తప్పు ఆ పిల్లలదే అయిపోతుంది. "అయిదేళ్ల పాపకు ఇది నేర్పిందెవరు?" అని తిప్పి అడగండి. బడి, ఆటబొమ్మలు, పుస్తకాలు, పెద్దల మాటలు: జవాబులు బోర్డు మీదికెక్కించండి. జాతిని బట్టి పిల్లలను వేరు చేసి చదివించడం రాజ్యాంగ విరుద్ధమన్న 1954 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పులో ఈ పరిశోధన ప్రస్తావన ఉందని అప్పుడు చెబితే అతుకుతుంది.

రెండో పీరియడ్‌లో నలుగురికో బొమ్మల పుస్తకం, 20 పేజీలు. ముఖ్యపాత్ర ఎవరిది, పక్కన నిలబడ్డదెవరు, ఏ రంగు మనిషి ఎన్నిసార్లు వచ్చాడు? లెక్కపెట్టమనండి.

ఆ బొమ్మల పరీక్షను తరగతిలో మళ్లీ చేయించకండి. నలుగురిలో ఒక్కరిని చూసి "నీకిలా జరిగిందా?" అని అడగకండి, చెప్పాలనుకున్నవాళ్లు తర్వాత విడిగా వస్తారు. పిల్లలు రంగువేసిన అరచేతి బొమ్మలు గోడకు అంటించకండి, లేతరంగు నుంచి ముదురురంగు దాకా వరసపెట్టి చూసేస్తారు.