గాలిపటానికి కెమెరా కట్టాలంటే

చీరాల దగ్గర వాడరేవులో మధ్యాహ్నం మూడు దాటాక సముద్రం మీంచి గాలి ఒకే తీరుగా వీస్తుంది. పటం దారానికి ఫోన్ కెమెరా వేలాడదీసి పైనుంచి ఫొటోలు తీయాలంటే అలాంటి గాలే కావాలి. గంటకు 15 నుంచి 25 కిలోమీటర్ల వేగం చాలు. అంతకు మించితే కెమెరా సంచిలోనే ఉంచండి.

సంక్రాంతి కాగితం పటాలు ఫోన్‌ని మోయలేవు. రెండున్నర మీటర్ల వెడల్పున్న నైలాన్ గుడ్డ డెల్టా పటం (త్రికోణం ఆకారంలో ఉండేది) కొనుక్కోండి. దారం 100 కిలోల బరువు లాగినా తెగని అల్లిక దారం అయితే బెంగ ఉండదు. మాంజా జోలికి మాత్రం పోవద్దు. చేతికి తోలు గ్లౌజులు తప్పనిసరి.

1888లో ఫ్రాన్సులో ఆర్థర్ బాట్యూ అనే ఫొటోగ్రాఫర్ కెమెరాను పటానికే బిగించాడు, షట్టర్ పడడానికి నిప్పంటించిన వత్తి పెట్టాడు. మనం పటానికి కట్టం, దారానికి కడతాం. ముందు పటాన్ని ఎగరేసి ముప్పై మీటర్ల దారం వదలండి. పది నిమిషాలు చూడండి. అది తల ఊపకుండా నిలబడితేనే ఫోన్ తీయండి.

అసలు కిటుకంతా వేలాడదీయడంలో ఉంది. రెండు సన్నటి పుల్లలు కూడిక గుర్తులా బిగించి, నాలుగు కొసలకీ చిన్న రింగులు పెట్టండి. ఒకే నున్నటి తాడును ఆ రింగుల్లోంచీ, పటం దారం మీద మీటరు ఎడంగా కట్టిన రెండు కొక్కేల్లోంచీ తిప్పి ముడేయండి. తాడు రింగుల్లో జారుతూ ఉండాలి, ఎక్కడా పట్టేయకూడదు. అప్పుడు దారం ఎంత వాలినా పుల్లలు మట్టంగానే ఉంటాయి. దీన్ని పికావే అంటారు. ఫోన్ దీని కింద.

షట్టర్ వేగం సెకనులో 1/1000 వంతు, మూడు సెకన్లకో ఫొటో, ఫోకస్ దూరానికి లాక్. గాలి సముద్రం నుంచి వస్తుంది కాబట్టి పటం ఊరివైపు వెళ్తుంది. లెన్స్‌ని సముద్రం వైపు వంచితే సాయంత్రపు ఎండ దాని వెనకనుంచి పడి పడవలు, నురగ స్పష్టంగా వస్తాయి. ఫ్రేమ్ మార్చాలంటే దారం లాగకండి, మీరే నడవండి. చినగంజాం ఉప్పు మడుల గళ్లు ఇలా గట్ల వెంట నడుస్తూ తీసినవే నాకు బాగా ఇష్టం.

కరెంటు తీగలు, విమానాశ్రయాల దగ్గర వద్దు. మన చట్టంలో గాలిపటం కూడా విమానం లెక్కే! సూర్యలంక వైపు వాయుసేన స్థావరం ఉంది, అటు అసలే వద్దు.

దించేటప్పుడు ఒకరు దారం చుట్టే చరకా పట్టుకుంటే, ఇంకొకరు దారాన్ని గ్లౌజుతో కిందికి నొక్కుతూ పటం వైపు నడవాలి. ఫోన్ చేతికందగానే ముందు దాన్ని విప్పేయండి, పటం సంగతి తర్వాత.