విదేశాల్లో ఫోను – మూడవ పాఠం: రెండు సిమ్‌లకు పని పంచడం

గత పాఠం చివర ఇచ్చిన పని పూర్తి చేసినవారి దగ్గర ఇప్పుడు మూడు విషయాలు రాసి ఉంటాయి: *#06# నొక్కితే కనిపించిన 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య (ఫోనుకు ఉండే గుర్తింపు సంఖ్య), ఫోను అందుకోగల బ్యాండ్ల (రేడియో తరంగాల శ్రేణుల) జాబితా, ఫోను ఏ సంస్థకూ లాక్ అయి లేదన్న నిర్ధారణ. మూడోది తేలనివారు ఈ పాఠాన్ని చదవవచ్చు గానీ ఆచరణలో పెట్టలేరు, ఎందుకంటే లాక్ అయిన ఫోను వేరొక సంస్థ సిమ్‌ను ఒప్పుకోదు. సిమ్ ఇచ్చిన సంస్థను పుట్టిల్లు అనీ, పరదేశంలో సిగ్నల్ ఇచ్చే సంస్థను విడిది అనీ ఈ పాఠంలో కూడా పిలుస్తాను.

విమానం దిగి ఎయిర్‌ప్లేన్ మోడ్ తీసేశాక, తెరపై నెట్‌వర్క్ పేరు రావడానికి ఒక్కోసారి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ వ్యవధిలో ఏం జరుగుతుందో తెలుసుకుంటే మిగతా పాఠమంతా సులువవుతుంది. సిమ్‌లో ఐఎంఎస్ఐ అనే ఒక సంఖ్య ఉంటుంది. దాని మొదటి మూడు అంకెలు దేశాన్ని, తరువాతి రెండు లేదా మూడు అంకెలు సంస్థను సూచిస్తాయి. ఉదాహరణకు 208తో మొదలైతే ఫ్రాన్స్, 262తో మొదలైతే జర్మనీ, 440తో మొదలైతే జపాన్. విడిది ఆ అంకెలను చూసి, పుట్టిల్లు ఎవరో గుర్తించి, ఈ చందాదారు మీవారేనా, వారికి ఏయే సేవలు ఇమ్మంటారు అని అక్కడికి కబురు పంపుతుంది. ఫిన్లాండ్, బ్రిటన్ సంస్థల మధ్య 1992లో కుదిరిన మొదటి అంతర్జాతీయ రోమింగ్ ఒప్పందం నాటి నుంచి నేటి వరకు సాంకేతికత ఎంత మారినా, ఈ అడగడం, చెప్పడం అనే పద్ధతి మాత్రం అలాగే ఉంది. రెండు సంస్థల మధ్య ఒప్పందం లేకపోయినా, పుట్టిల్లు వద్దన్నా, సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తూనే ‘అత్యవసర కాల్స్ మాత్రమే’ అన్న మాట తెరపై ఉండిపోతుంది.

ఇక్కడే చాలామంది పొరబడే చోటు ఒకటి ఉంది. రోమింగ్ అనే ఒకే మాటను మనం రెండు వేర్వేరు వస్తువులకు వాడుతున్నాం. ఒకటి పుట్టింట్లో మన ఖాతాపై ఉండే రోమింగ్ అనుమతి. అది లేకపోతే ఆ సిమ్ విదేశంలో అసలు నమోదు కాదు, ఎస్ఎంఎస్ కూడా రాదు. రెండోది ఫోను సెట్టింగ్స్‌లో ఉండే ‘డేటా రోమింగ్’ అనే మీట. అది ఇంటర్నెట్‌ను మాత్రమే ఆపుతుంది, కాల్స్‌నూ ఎస్ఎంఎస్‌లనూ తాకదు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు బిల్లు భయంతో సంస్థకు ఫోను చేసి రోమింగ్ మొత్తం తీయించేశాను; తీరా హోటల్ గదిలో కార్డుతో డబ్బు కట్టబోతే బ్యాంకు ఓటీపీ రాలేదు, అనుమతి తిరిగి పెట్టించుకుందామంటే దానికీ ఓటీపీయే కావాలన్నారు. కాబట్టి బయలుదేరేముందు ఖాతాలో అనుమతి ఉండాలి, ఫోనులో మీట ఆపి ఉండాలి. ప్రీపెయిడ్ సిమ్ అయితే తిరిగి వచ్చే తేదీ దాటేవరకు గడువు ఉండేలా చూసుకోవాలి. రోమింగ్‌లో అందుకునే ఎస్ఎంఎస్‌కు చాలా సంస్థలు రుసుము తీసుకోవు గానీ మీ సంస్థ మాట మీరు అడిగి తెలుసుకోవాలి.

ఇప్పుడు పని పంపకానికి వద్దాం. పుట్టింటి సిమ్‌కు ఎస్ఎంఎస్‌లు, అత్యవసరమైతే కాల్స్ అప్పగించాలి. ఇంటర్నెట్ మొత్తాన్ని రెండో సిమ్‌కు ఇవ్వాలి. రెండోది అక్కడ కొన్న మామూలు సిమ్ కావచ్చు, ముందే కొన్న ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోనులోకే ఎక్కించుకునే సిమ్) కావచ్చు. స్థానిక సిమ్‌కు చాలా దేశాల్లో పాస్‌పోర్టు చూపాలి. ఎక్కువకాలం ఉండేవారు ఇంకొక సంగతి కూడా చూడాలి: టర్కీలో బయటి నుంచి తెచ్చిన ఫోనులో స్థానిక సిమ్ వేసి వాడితే, ఐఎంఈఐ నమోదు చేయించకపోతే 120 రోజుల తరువాత ఆ ఫోనును నెట్‌వర్కుల నుంచి కత్తిరించేస్తారు. కొద్దిరోజుల ప్రయాణానికి నేను ఈ-సిమ్‌నే ఎంచుకుంటాను, ఎందుకంటే దాన్ని ఇంటి వైఫైపై తీరికగా ఎక్కించుకోవచ్చు. ఎక్కించుకునే క్యూఆర్ కోడ్ చాలాసార్లు ఒక్కసారికే పనిచేస్తుంది కనుక, సిగ్నల్ రావడం లేదని కంగారుపడి ఈ-సిమ్‌ను ఫోను నుంచి తొలగించకూడదు. తొలగిస్తే మళ్లీ కొనాల్సి రావచ్చు.

సెట్టింగ్స్‌లో మూడు చోట్ల చేయి పెట్టాలి. మొదట, మొబైల్ డేటాకు ఏ సిమ్ అన్న చోట రెండోదాన్ని ఎంచుకోవాలి. రెండవది, ఒక సిమ్‌కు సిగ్నల్ తగ్గితే రెండోదాని డేటాకు ఫోను తనంతట తానే మారేందుకు అనుమతించే మీట. ఐఫోనులోనూ కొత్త ఆండ్రాయిడ్ ఫోనుల్లోనూ ఇది ఉంది, దీన్ని తప్పక ఆపాలి. మూడవది వింతగా తోచేది: పుట్టింటి సిమ్‌కు డేటా రోమింగ్ ఆపిన మనం, ప్రయాణపు ఈ-సిమ్‌కు మాత్రం డేటా రోమింగ్ చాలాసార్లు తెరవాల్సి వస్తుంది. అనేక దేశాల్లో పనిచేస్తుందని చెప్పి అమ్మే ఈ-సిమ్‌కు కూడా వేరే ఏదో దేశంలో ఒక పుట్టిల్లు ఉంటుంది. మీరు దిగిన చోట అది కూడా అతిథే. ‘ఈ-సిమ్ ఎక్కింది, గీతలున్నాయి, ఇంటర్నెట్ మాత్రం రాదు’ అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ మీటే. అది తెరిచినా రాకపోతే, అమ్మినవారు ఇచ్చిన ఏపీఎన్ పేరును (సిమ్‌ను ఇంటర్నెట్‌కు కలిపే ద్వారం పేరు) ఒక్క అక్షరం తేడా లేకుండా ఎక్కించి చూడాలి.

రోమింగ్ డేటా సాధారణంగా విడిది నుంచి నేరుగా ఇంటర్నెట్‌లోకి వెళ్లదు. ముందు పుట్టింటికి వెళ్లి, అక్కడి గుమ్మం గుండా బయటికి వెళుతుంది. అందుకే కొన్ని వెబ్‌సైట్లు మిమ్మల్ని వేరే దేశంలో ఉన్నట్లు చూపుతాయి, పుట్టిల్లు దూరమైనకొద్దీ స్పందన ఆలస్యమవుతుంది. దీనివల్ల ఒక ప్రయోజనం కూడా ఉంది: చైనాలో స్థానిక సిమ్‌పై తెరుచుకోని గూగుల్, వాట్సాప్ వంటివి విదేశీ సిమ్ రోమింగ్‌పై సాధారణంగా తెరుచుకుంటాయి.

వాట్సాప్ మాటకొస్తే, డేటా ఏ సిమ్‌దైనా అది పాత నంబరుపైనే పనిచేస్తుంది. కొత్త సిమ్‌ను గమనించి నంబరు మార్చమంటారా అని అడిగితే వద్దనడమే తక్షణ కర్తవ్యం.

కాల్స్ విషయంలో ఖర్చు ఎక్కడ పుడుతుందో కాస్త నిదానంగా చూడాలి. మిమ్మల్ని పిలిచే మనిషి పుట్టింటి నంబరుకు పిలిచినంత సొమ్మే చెల్లిస్తాడు. పుట్టింటి నుంచి విడిది వరకు ఉన్న దూరపు ఖర్చు మీ ఖాతాలో పడుతుంది. ఇప్పుడు మీరు ఆ కాల్ ఎత్తలేదనుకోండి, జవాబు లేకపోతే వాయిస్‌మెయిల్‌కు, అంటే పిలిచినవారి మాటను రికార్డు చేసి ఉంచే సేవకు, పంపమని ఫార్వర్డింగ్ (కాల్ మళ్లింపు) పెట్టి ఉందనుకోండి. కాల్ పుట్టింటి నుంచి సముద్రం దాటి మీ ఫోనును మోగించి, మీరు ఎత్తకపోయేసరికి మళ్లీ సముద్రం దాటి పుట్టింటి వాయిస్‌మెయిల్‌కు చేరుతుంది. మీరు ఒక్క మాట మాట్లాడకపోయినా రెండు అంతర్జాతీయ కాల్స్ బిల్లులో కనిపించవచ్చు. ఫోను ఆపి ఉంటే ఈ చిక్కు రాదు, ఎందుకంటే అప్పుడు పుట్టిల్లే కాల్‌ను నేరుగా వాయిస్‌మెయిల్‌కు మళ్లిస్తుంది. చాలా నెట్‌వర్కుల్లో *#61# నొక్కి పిలిస్తే జవాబు లేనప్పుడు కాల్ ఎక్కడికి వెళుతుందో తెలుస్తుంది; ##004# నొక్కితే ఇటువంటి షరతులతో కూడిన ఫార్వర్డింగ్‌లన్నీ రద్దవుతాయి. తిరిగి వచ్చాక వాయిస్‌మెయిల్ కావాలంటే మళ్లీ పెట్టుకోవాలి.

విమానాల్లోనూ ఓడల్లోనూ ఉపగ్రహం ద్వారా నడిచే నెట్‌వర్కులు ఉంటాయి. వాటి దేశ సంకేతం 901. ఏ దేశానికీ చెందనివి కనుక మీ ప్యాకేజీలోని దేశాల జాబితాలో సాధారణంగా ఇవి ఉండవు, రేట్లు వేరుగా, ఎక్కువగా ఉంటాయి. రేవు వదిలాక ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచడమే మేలు. సరిహద్దు ఊళ్లలో పక్క దేశపు టవర్ ఫోనును లాక్కుంటుంటే, నెట్‌వర్క్ ఎంపికను ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు మార్చి మీరున్న దేశపు నెట్‌వర్క్ పేరును మీరే ఎంచుకోవచ్చు. అక్కడి నుంచి కదిలాక దాన్ని తిరిగి ఆటోమేటిక్‌కు పెట్టడం మరవకండి.

ఈ వారం అభ్యాసం ఇంట్లోనే చేయవచ్చు. ఒక రోజంతా మొదటి సిమ్ డేటాను ఆపి, రెండో సిమ్ లేదా వైఫై మీదే గడపండి. మధ్యలో ఏదైనా ఖాతాలోకి ప్రవేశించి ఓటీపీ తెప్పించుకోండి. అది వస్తే పని పంపకం కుదిరినట్లే. సాయంత్రం సెట్టింగ్స్‌లో ఒక్కో సిమ్ ఎంత డేటా వాడిందో చూసి, మొదటి సిమ్ లెక్క సున్నా కాకపోతే, పైన చెప్పిన మూడు చోట్లలో ఏది తప్పిపోయిందో వెతకండి. వచ్చే పాఠంలో ఫోను పుస్తకంలోని నంబర్లన్నిటినీ ప్లస్ గుర్తుతో తిరగరాస్తాం. అందుకు కనీసం పది నంబర్లను, వాటి దేశ సంకేతాలతో సహా, ఒక కాగితంపై రాసి ఉంచుకోండి.