నేలను చదవడం – 4: ఒకీచోబీ కట్ట

నేల, నీరు ప్రాణంగా ఉన్న సాహిత్యాన్ని ఎలా చదవాలో చెప్పే పాఠాలివి. మూడో పాఠానికి మీరు పంపిన జవాబులన్నీ చదివాను. కెన్యా పర్యావరణ ఉద్యమకారిణి వంగారి మాతాయ్ ఆత్మకథ ‘అన్‌బౌడ్’లోని అత్తిచెట్టు గురించి రాయమంటే, ఎక్కువమంది ‘ఆ చెట్టు తల్లికి ప్రతీక’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అందుకే కొత్త పాఠానికి ముందు మళ్లీ ఆ చెట్టు కిందికే వెళ్దాం.

కెన్యాలో ఆమె పుట్టిన ఊరు. ఇంటి దగ్గర పెద్ద అత్తిచెట్టు. అది దేవుడి చెట్టు, దాని పుల్ల కూడా ఏరవద్దని తల్లి చెప్పేది. పక్కనే ఊట. నీటిలోని కప్పగుడ్లను పూసలనుకుని దండ గుచ్చాలని చూసేది ఆ పిల్ల. అమెరికాలో చదువుకుని తిరిగి వచ్చేసరికి చెట్టు లేదు. నేల చేతులు మారింది, కొత్త యజమాని తేయాకు వేయడానికి చెట్టు కొట్టేశాడు. ఊట ఎండిపోయింది. అత్తి వేళ్లు అడుగున ఉన్న రాతిని చీల్చుకుని నీటి దాకా దిగుతాయని, ఆ దారినే నీరు పైకి వచ్చేదని ఆమెకు తర్వాత తెలిసింది. తల్లి మాటలో నీటి లెక్క ఉంది. ‘ప్రతీక’ అనగానే ఊటా పోతుంది, తేయాకూ పోతుంది, నేల ఎవరి చేతికి వెళ్లిందన్న ప్రశ్నా పోతుంది.

కావ్యంలో కొండ, నది, రుతువు లాంటి పద్దెనిమిదింటిని వర్ణించాలనే అష్టాదశ వర్ణనల అలవాటు మనది. కొండో నదో కనపడగానే అలంకారం వెతుకుతాం. ఈ సాహిత్యం దగ్గర ఆ అలవాటు పనికిరాదు.

ఇవాళ్టి పుస్తకం అమెరికా నల్లజాతి రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ నవల ‘దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్’ (1937). కథ మీరు చదివే ఉంటారు కాబట్టి చెప్పను. 18వ అధ్యాయంలోని తుఫాను ‘నాయిక జేనీ జీవితంలోని అల్లకల్లోలానికి సంకేతం’ అని రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెన మీద ఎవరైనా కథ రాస్తే, అది నాయిక మనసులోని అలజడి అంటే మనం ఊరుకుంటామా?

1928 సెప్టెంబరు 16 రాత్రి, అమెరికాలోని ఫ్లోరిడాలో తుఫానుకు ఒకీచోబీ సరస్సు మట్టికట్ట తెగింది. కనీసం 2,500 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది నల్లజాతి వలస కూలీలు. చిత్తడి నేల నుంచి నీరు తోడేసి చేసిన నల్లమట్టి పొలాల్లో పని చేసేవాళ్లు. నవలలోని తుఫాను ఇదే. ఇప్పుడు నవల తెరవండి. తుఫానుకు ముందు అక్కడి ఆదివాసులైన సెమినోల్ తెగవాళ్లు గుంపులుగా తూర్పు దిక్కున మెరకకు వెళ్లిపోతుంటారు. రెల్లులాంటి ఒక గడ్డి పూసింది, గాలివాన రాబోతోందని చెబుతారు. కూలీలలో చాలామంది కదలరు. చిక్కుళ్లకు ధర బాగుంది. కట్ట ఉంది. పెద్ద ఇళ్లవాళ్లే నిశ్చింతగా ఉంటే గుడిసెలకు భయమెందుకు? ఎవరి మాట ఎవరు నమ్మారో, ఎందుకు నమ్మారో ఆ పేజీల్లో వెతకండి.

తర్వాతి అధ్యాయంలో ఇద్దరు తెల్లవాళ్లు జేనీ భర్త టీ కేక్‌ను తుపాకులు చూపి తీసుకుపోయి శవాలు పూడ్పిస్తారు. తెల్లవాళ్లకు పెట్టెలు, నల్లవాళ్లకు గొయ్యి, పైన సున్నం. ఏ జాతివాళ్లో గుర్తు తెలియకపోతే జుట్టు చూడమంటారు కాపలావాళ్లు. ఆ జుట్టు మాట దగ్గర నేను ప్రతిసారీ పుస్తకం మూసి కాసేపు కూర్చుంటాను. వెస్ట్ పామ్ బీచ్‌లో నిజంగానే 674 మంది నల్లజాతివారిని ఒకే గోతిలో పూడ్చారు. దశాబ్దాల పాటు అక్కడ గుర్తుగా ఒక రాయి కూడా లేదు.

నేను చదివే పద్ధతి ఇది: మొదటిసారి నీరు కనిపించే వాక్యాల కిందే గీత గీస్తాను. రెండోసారి ఆ నీటికి దగ్గరగా ఎవరిని ఉంచారో చూస్తాను. పాత్రల మనసుల్లోకి మూడోసారి వెళ్తాను.

అభ్యాసం: ఈ రెండు అధ్యాయాలకు చేత్తో పటం గీయండి. సరస్సు, కట్ట, గుడిసెలు, పెద్ద ఇళ్లు, సెమినోల్‌లు నడిచిన దిక్కు, గొయ్యి అన్నీ ఉండాలి. దాని కింద రెండు పేజీలు రాయండి. ‘ప్రతీక’, ‘సంకేతం’ అన్న మాటలు ఒక్కసారి కూడా రాకూడదు. కష్టంగానే ఉంటుంది, నెల రోజులు తీసుకోండి. వచ్చే పాఠం నైజీరియాలోని నైజర్ డెల్టా చమురు మీద. హెలొన్ హబీలా నవల ‘ఆయిల్ ఆన్ వాటర్’ (2010) దగ్గర పెట్టుకోండి.