ట్రిప్ అవుతోందని ఎంసీబీ పెద్దది వేయించకండి

2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్ అగ్నిప్రమాదంలో 17 మంది పోయారు. షార్ట్ సర్క్యూట్ కారణమని అధికారులు ప్రాథమికంగా చెప్పారు. ఆ ఇంటి సంగతి పక్కన పెడితే, చాలా ఇళ్లలో షార్ట్ సర్క్యూట్ ఆఖరున జరిగేది. అప్పటికే వైరు నెలల తరబడి వేడెక్కి, పైన పీవీసీ తొడుగు పెళుసుబారిపోయి ఉంటుంది.

ఎండాకాలం నేను పదే పదే చూసే తప్పు ఒకటే. రెండో ఏసీ కొంటారు, పాత ఏసీ లైన్లోనే కలిపేస్తారు. ఒకటిన్నర టన్ను ఏసీ ఒక్కోటి 7, 8 ఆంపియర్లు లాగుతుంది. దానికి తోడు ఇస్త్రీపెట్టె. 16 ఆంప్స్ ఎంసీబీ, అంటే కరెంటు హద్దు మీరితే దానంతటదే ఆపేసే స్విచ్, పడిపోతుంది (ట్రిప్ అవుతుంది). పిలిచిన ఎలక్ట్రీషియన్ కుర్రాడు 32 ఆంప్స్‌ది వేసి వెళ్తాడు. ఇక ట్రిప్ అవదు, ఇంటిల్లిపాదీ హాయిగా పడుకుంటారు. గోడలో మాత్రం అదే 2.5 స్క్వేర్ ఎంఎం వైరు! కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. ఎంసీబీ ఉన్నది ఏసీని కాపాడటానికి కాదు, గోడలోని వైరును కాపాడటానికి. పెద్దది వేయాలంటే ముందు వైరు మార్చాలి.

బోరు మోటారు దగ్గరా ఇదే కథ. స్టార్టర్ ఊరికే పడిపోతోందని ఓవర్‌లోడ్ రిలే (కరెంటు ఎక్కువైతే మోటారును ఆపేది) డయల్ పైకి తిప్పేస్తారు. ఒక ఫేజు పోయినా మోటారు మూలుగుతూ తిరుగుతూనే ఉంటుంది. మిగతా రెండు ఫేజుల్లో కరెంటు పెరిగి వైండింగ్ మాడిపోతుంది. రీవైండింగ్ ఖర్చు రైతుకు బాగా తెలుసు.

ఇక మిగతావి.

ప్లగ్గు పిన్ను నల్లబడినా, సాకెట్ రంధ్రం అంచు గోధుమరంగులోకి తిరిగినా లోపల స్క్రూ గానీ పిన్ను పట్టు గానీ వదులై ఉండొచ్చు. టేపు చుట్టి సరిపెట్టకండి.

ఏసీని ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టొద్దు.

చుట్టగా ఉన్న వైరుతో కూలరు నడపొద్దు, వేడి బయటికి పోదు.

ఫ్యూజులో రాగి పోచలు మెలిపెట్టి కట్టొద్దు. అది కూడా ఎంసీబీ పెద్దది వేయడం లాంటిదే.

కాలిన వాసన వస్తే రేపు చూద్దాం అనొద్దు. మెయిన్ ఆపండి.

కరెంటు వైర్లలో మంటొస్తే నీళ్లు పోయొద్దు.

ఈరోజే బోర్డు తలుపు తీసి ఎంసీబీ మీద అంకె చూడండి. ఏసీ లైన్లో సి32 (అంటే 32 ఆంప్స్) అని కనిపిస్తే, వైరు ఎంత మందమో తేలేదాకా ఆ ఏసీ వేయొద్దు.